ఆ చుక్కలు కంపెనీ ముద్ర కాదు, మా నాన్న మేకుతో కొట్టిన ఏడు

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో పాత లైట్లు పోగుచేసే ఒకాయన గురించి సగం పేజీ వేశారు. తిరుపతిలో మేడ మీద గదంతా లైట్లతో నింపుకున్నాడని రాసి నాలుగు ఫొటోలు ఇచ్చారు. ఇలాంటి సంగతులు రాసేవాళ్లే తక్కువ, కాబట్టి ముందుగా సంతోషం చెబుతున్నాను. కానీ మూడో ఫొటో కింద ఇలా ఉంది: "బ్రిటిష్ కాలంనాటి అరుదైన పెట్రోమాక్స్. ట్యాంకు మీద చుక్కల్లో కనిపిస్తున్నది కంపెనీ ముద్ర."

అది పెట్రోమాక్స్ కాదండీ. ఆ చుక్కలు కంపెనీ ముద్రా కాదు. మా నాన్న మేకూ సుత్తీ పెట్టి కొట్టిన తెలుగు అంకె ఏడు.

అనుమానం తీరక మనవడి చేత ఫోన్‌లో ఆ ఫొటో పెద్దది చేయించి చూశాను. "అవ్వా, ఇది ఏడెట్లా అవుతుంది, ఏదో పురుగు బొమ్మలా ఉంది" అన్నాడు వాడు. ౭ అని కాగితం మీద రాసి చూపించాను. తెలుగు అంకెలు వాడి పుస్తకంలో లేవు, మీ ఫొటో చూసిన విలేకరికీ వచ్చి ఉండవు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. మొత్తం పదకొండు చుక్కలు. చివరి చుక్క వరసలోంచి కొంచెం కిందికి జారి ఉంటుంది, చూడండి. ఆ రోజు ట్యాంకు కదలకుండా పట్టుకున్నది నేనే. మేకు జారితే ఆ దెబ్బలో సగం నా బొటనవేలి మీద పడింది. నాకిప్పుడు డెబ్బై ఒకటి. ఆ గోరు ఇప్పటికీ కొంచెం వంకరగానే పెరుగుతుంది.

మాది చిత్తూరు. సంతపేటలో మా నాన్నకు బాడుగ సామాన్ల కొట్టు ఉండేది. పందిరి గుంజలు, జంపఖానాలు, వంట గంగాళాలు, గరిటెలు, వాటితోపాటు పన్నెండు లైట్లు. పెళ్లిలో ఎవరి గిన్నె ఎవరిదో కలిసిపోకుండా పాత్రల మీద పేర్లు కొట్టించుకున్నట్టే, నాన్న లైట్లకు నంబర్లు కొట్టాడు. లెక్కల పుస్తకం తెలుగు అంకెల్లోనే రాసేవాడు కనుక లైట్ల మీదా అవే. "౩, ౫ నంబర్లు గుడికి పోయినాయి, ౭ నాటకానికి పోయింది" అని రాసుకునేవాడు.

అన్నింటినీ మేం గ్యాసు లైట్లు అనేవాళ్లం. అందులో గ్యాసు సిలిండరేమీ ఉండదు, పోసేది సీమనూనె. పట్నం నుంచి వచ్చినవాళ్లు పెట్రోమాక్స్ అనేవారు. నిజానికి పెట్రోమాక్స్ అనేది ఒక కంపెనీ సరుకు పేరు. బెర్లిన్‌లో ఎర్లిచ్... కాదు, ఎరిష్ అండ్ గ్రేట్స్ అని కంపెనీ ఉండేది, దాని తాలూకు మాక్స్ గ్రేట్స్ పేరులోని మాక్స్‌ను పెట్రోలియంతో అతికించారు. (ఆ జర్మన్ పేరు నేను పలికితే మా మనవడు ఇప్పటికీ దిద్దుతాడు.) మన దగ్గర ఆ పేరు ఎంత పాతుకుపోయిందంటే, పంపుతో గాలి కొట్టి, మాంటిల్ అనే చిన్న గుడ్డ సంచి కట్టి వెలిగించేదేదైనా పెట్రోమాక్సే అయిపోయింది. వనస్పతి ఏదైనా డాల్డా అన్నట్టే. దాంతో నష్టం ఏమిటంటే, పది రకాల లైట్లు ఒకే పేరు కింద మునిగిపోయాయి. అటకల మీద ఉన్నవాళ్లకు తమ దగ్గర ఉన్నదేమిటో తెలియదు, తూకానికి అమ్మేస్తారు. ఈ మాట అనే హక్కు నాకు ఎందుకుందో కింద చెబుతాను.

మా పన్నెండింట్లో అసలు పెట్రోమాక్స్‌లు అయిదే. అయిదూ 829 మోడల్, 500 సి.పి. అని ముద్ర ఉన్నవి. సి.పి. అంటే కొవ్వొత్తి వెలుగు లెక్క. జర్మనీలోనే అమ్మిన వాటి మీద హెచ్.కె. అని ఉంటుందట, అది హెఫ్నర్ అనే ఆయన పేరున్న కొవ్వొత్తి లెక్క. నలభై మిల్లీమీటర్ల ఎత్తు మంటను ఒక కొలతగా పెట్టుకున్నారు, అది ఇప్పటి వెలుగు కొలత క్యాండెలాకన్నా పదో వంతు తక్కువ. కాబట్టి 500 అన్న అంకె చూసి మురిసిపోనక్కర్లేదు. ట్యాంకులో లీటరు నూనె పడితే ఎనిమిది గంటలు వెలిగేది, మాకు కావలసింది అదీ. ఆ అయిదింట్లో రెండింటి మీద వెస్ట్ జర్మనీ అని ఉండేది. ఆ మాట ఉంటే 1949 తర్వాత చేసిందే, అనుమానం లేదు. యుద్ధం తర్వాత ఆ కంపెనీ పని బెర్లిన్ వదిలి పశ్చిమాన ఆల్టెనా అనే ఊరికి చేరింది. మిగిలినవాటి మీద ఒట్టి జర్మనీ అనే ఉండేది. నాన్నకు ఈ దేశాల గొడవ పట్టేది కాదు. "పాతదాని ఇత్తడి మందం, కొత్తదాని పంపు మెత్తన" అనేవాడు, అంతే.

ఇక మీ ఫొటోలోని ఏడో నంబరు. దాన్ని నాన్న మద్రాసు మూర్ మార్కెట్‌లో కొన్నాడు. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు, నన్నూ తీసుకుపోయాడు. ఆ మార్కెట్ 1985లో తగలబడిపోయింది, ఇప్పుడు ఆ చోట రైల్వే కట్టడం ఉంది. పాత పుస్తకాలు, పక్షులు, మిలిటరీ బూట్లు, గడియారాలు, అన్నీ ఒకే వరసలో అమ్మేవారు. ఆ లైటు ట్యాంకు మీద మిలిటరీ ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచి ఉంది. ఇంటికి తెచ్చి నాన్న రంగు గీకితే కింద ఇత్తడి మీద కాకి కాలు లాంటి గుర్తు, దాని పక్కనే 1944 అని బయటపడ్డాయి. మూడు గీతలు ఒక మొన దగ్గర కలిసే గుర్తు అది. పాత సర్వే రాళ్ల మీద కూడా మీరు చూసి ఉంటారు. బ్రిటిష్ సర్కారు సొత్తు అని తెలిపే బాణం. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు బాణం లైటు. ఫొటోలో బాణం కనిపించడం లేదు, ట్యాంకు అటువైపు ఉండాలి. ఆ పెద్దమనిషి దాన్ని తిప్పి చూస్తే తెలుస్తుంది.

అది వేపలక్స్ అనే లైటు. ఇంగ్లండులో హాలిఫాక్స్ అనే ఊళ్లో విల్లిస్ అండ్ బేట్స్ అనే కంపెనీ 1938 నుంచి చేసింది. యుద్ధంలో సైన్యానికి లెక్కలేనన్ని ఇచ్చింది. పెట్రోమాక్స్‌తో దీన్ని కలపకుండా ఉండాలంటే ఒక్కటి చూస్తే చాలు, నూనె గొట్టం ఎటు పోతుందో. పెట్రోమాక్స్‌లో గొట్టం మాంటిల్ పక్కనుంచి పైకి పోయి, పైన వంపు తిరిగి, ఆవిరి పైనుంచి కిందికి మాంటిల్‌లోకి దిగుతుంది. వేపలక్స్‌లో గొట్టం నిట్టనిలువుగా మాంటిల్ మధ్యలోంచే పైకి లేస్తుంది, బొమ్మరిల్లు కట్టేటప్పుడు నడిమి గుంజ పాతినట్టు. టిల్లీ అనే ఇంకో ఇంగ్లీషు లైటూ ఇదే తీరు. అందువల్ల వాటి మాంటిల్‌కు రెండు నోళ్లు ఉండాలి, పైనొకటి, కిందొకటి. పెట్రోమాక్స్ మాంటిల్ ఒక నోటి సంచి. మీ మూడో ఫొటోలో గాజు వెనక సన్నగా నిలువు గొట్టం కనిపిస్తోంది. పంపు పిడి కూడా ట్యాంకు పక్కకు పొడుచుకు రాకుండా పైన భుజం మీద ఉంది. మూత మీద గాలి ఒత్తిడి చూపే ఎర్ర గీత మీటరు లేదు. ఇన్ని చూశాక దాన్ని పెట్రోమాక్స్ అనడానికి నోరు రాదు.

రెండు నోళ్ల మాంటిల్ చిత్తూరులో ఎక్కడ దొరుకుతుంది? మద్రాసులోనే దొరికేది కాదు. ఇక్కడ నా పని మొదలైంది. మాంటిల్ కట్టడానికి సన్నటి వేళ్లు కావాలి. లైటు ముక్కుకు తొడిగి, దారం బిగించి, మడతలు చుట్టూ సమంగా సర్దాలి. ఒకవైపు మడతలు ఎక్కువయ్యాయా, వెలిగాక ఆ వైపు చిల్లు. నాన్న వేళ్లు లావు, అన్నకు ఓపిక లేదు. బాణం లైటుకు నేను మామూలు మాంటిల్ అడుగు బ్లేడుతో గుండ్రంగా కోసి, పాత మాంటిల్‌లోంచి లాగిన దారంతో ఆ అంచును గొట్టం మొదట్లో కట్టేదాన్ని. ఒక రాత్రి నిలిచేది, అదృష్టం బాగుంటే రెండు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్ల ఊపిరి బిగబట్టి చేసే పని అది. మొదటిసారి అగ్గిపుల్ల చూపించగానే గుడ్డ నల్లబడి, ముడుచుకుని, పొగ వచ్చి, చివరికి తెల్లటి బూడిద గూడు ఒకటి మిగులుతుంది. వెలుగు ఇచ్చేది ఆ బూడిదే. ఆ తర్వాత గట్టిగా తలుపు వేసినా రాలిపోతుంది. మా అమ్మ నా దగ్గర తుమ్మడానికి కూడా భయపడేది.

ఆ బూడిద సంగతి ఒకటి చెప్పాలి. ఆస్ట్రియాలో కార్ల్ ఆవర్ అనే ఆయన 1885లో ఈ మాంటిల్‌కు పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో వెలుగు ఆకుపచ్చగా, పాలిపోయి ఉండేదట. 1891లో తోరియం 99 పాళ్లు, సీరియం ఒక పాలు కలిపాక తెల్లటి వెలుగు కుదిరింది. నూటికి ఒక్క పాలు! మా వంటల్లో ఇంగువ లాగ. ఆ తోరియం కోసం జర్మన్లు వెతుకుతుంటే 1909లో షోంబర్గ్ అనే రసాయన శాస్త్రవేత్త తిరువాంకూరు తీరంలో మణవాళకురిచ్చి దగ్గర ఇసుకలో అది ఉందని పసిగట్టాడు. ఇక్కణ్నించి పోయిన కొబ్బరి పీచుకు అంటుకున్న ఇసుకతో దొరికిపోయింది. అంటే మన పక్క రాష్ట్రం ఇసుక ఓడెక్కి జర్మనీ పోయి, మాంటిల్‌గా మారి, సంతపేటలో నా వేళ్ల మధ్యకు తిరిగొచ్చింది. తోరియంకు కొంచెం రేడియోధార్మికత ఉంది కాబట్టి ఇప్పుడు చాలా కంపెనీలు యిట్రియం వాడుతున్నాయి. పాత మాంటిల్ రాలితే ఆ పొడి ఊదకండి, పీల్చకండి, తడిగుడ్డతో తుడిచి చేతులు కడుక్కోండి. నేను చిన్నప్పుడు ఊదేదాన్ని. ఇంకా బతికే ఉన్నాను గానీ మీరు మాత్రం ఊదకండి.

మా లైట్లకు అసలైన సీజన్ భారతం. మా వైపు ద్రౌపదమ్మ గుళ్లలో పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది కదా, పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. ఇప్పుడంటే సీరియల్ సెట్లు, ఎల్‌ఈడీలు. అప్పుడు ఆటస్థలానికి రెండు పక్కలా రెండు గుంజలు పాతి రెండు లైట్లు. అరదళం పూసుకున్న ముఖాలు ఆ తెల్లటి వెలుగులో బంగారంలా ఉండేవి. తెల్లవారుజాము రెండు మూడు గంటలకు గాలి తగ్గి వెలుగు ఎర్రబడేది. సరిగ్గా దుర్యోధనుడు తొడ చరిచే సమయానికి "రేయ్ లైటూ, గాలి కొట్టరా" అని జనం అరిస్తే, దుర్యోధనుడు తొడ మీద చెయ్యి అలాగే పెట్టుకుని ఆగేవాడు. మా అన్న గుంజ ఎక్కి ఇరవై పంపులు కొట్టి దిగాక యుద్ధం మళ్లీ మొదలు. బాణం లైటుకు మాత్రం ఆ అవసరం తక్కువ. గాలి నిలిచేది. అందుకే దూరపు ఊళ్ల నాటకాలకు దాన్నే అడిగేవారు.

మీ రెండో ఫొటో గురించి కూడా ఒక మాట. "సగం వెండి రంగు, సగం ఇత్తడి రంగు ఉన్న పెట్రోమాక్స్, చాలా అరుదైన రకం" అని ఉంది. ఆ లైటును నేను చూడలేదు, ఎవరిదో తెలియదు. కానీ ఇలాంటివి మా కొట్టులో నాలుగు ఉండేవి, అన్నీ మేం చేసినవే. ఒక లైటు ట్యాంకు కింద పడి చొట్టపోతే, ఇంకోదాని ట్యాంకుకు దీని పైభాగం బిగించేవాళ్లం. నికెల్ పూత ఉన్న టోపీ, పూత పోయిన ట్యాంకు. 829 నమూనాను ఎన్నో దేశాలవాళ్లు, మన దేశంలో వాళ్లు కూడా ఉన్నది ఉన్నట్టు దించేశారు కాబట్టి మరలు చాలావాటికి చాలావరకు కుదిరేవి. ఒకటి ఎక్కడో చేసింది, పేరు అచ్చం పెట్రోమాక్సే, ఒక్క అక్షరం తేడా. దాని చక్రం తీసి అసలుదానికి పెట్టాం, అసలుదాని మూత దీనికి పెట్టాం. నాన్న దాన్ని పదో నంబరు అన్నాడు. ఈ రోజు దాన్ని ఎవరైనా ఆన్‌లైన్‌లో "ప్రపంచంలో ఇదొక్కటే" అని పెడితే, నిజమే, అదొక్కటే. ఫ్యాక్టరీ చేసింది మాత్రం కాదు.

కాబట్టి వింత లైటు దొరికితే ముందు అడగాల్సింది ఎంత అరుదైనది అని కాదు, ఈ తేడా ఫ్యాక్టరీలో వచ్చిందా, బాడుగ కొట్టులో వచ్చిందా అని. దానికి కళ్లు చాలు. ట్యాంకు, టోపీ కలిసే చోట అరుగుదల రెండింటికీ ఒకేలా ఉందా చూడండి. యాభై ఏళ్లు కలిసి ఉన్న రెండు ముక్కలు ఒకే తీరున ముసలివైపోతాయి, మొగుడూ పెళ్లాల లాగ. ఒకటి అరిగి ఒకటి పదునుగా ఉంటే, ఒకటి తర్వాత వచ్చిందే. తగరం అతుకు ఎక్కడుందో చూడండి. ఫ్యాక్టరీ అతుకు లోపలికి పాకి సన్నగా ఉంటుంది, మా వీధి అతుకు బయటికి కన్నీటి బొట్టులా నిలుస్తుంది. ముద్ర అచ్చుతో కొట్టిందయితే లోతు అంతటా ఒకటే. చేత్తో కొట్టిందయితే ఒక చుక్క లోతు, ఒక చుక్క పైపైన. మా ఏడు కూడా అలాగే ఉంటుంది.

ఇందులో మాకు చిన్నతనం ఏమీ లేదు. రిపేరు చేసింది అని తెలిస్తే విలువ పోతుందేమో అని కొందరు దాస్తారు. నాకు అది నచ్చదు. ఫ్యాక్టరీలో పుట్టిన తేడా వాళ్ల చరిత్ర, రిపేరులో వచ్చిన తేడా మన ఊరి చరిత్ర. రెండూ రాయాలి, కానీ దేనికది.

మా పదకొండో నంబరు దీనికి మంచి ఉదాహరణ. అమెరికన్ ఆర్కాట్ మిషన్ వాళ్లు మదనపల్లె, చిత్తూరు, రాణిపేట వైపు పనిచేసిన సంగతి ఈ వైపు అందరికీ తెలిసిందే. ఒక బంగళా ఖాళీ చేసేటప్పుడు సామాను వేలం వేస్తే నాన్న ఒక కోల్‌మన్ లైటు తెచ్చాడు. క్విక్‌లైట్ అని దాని పేరు, కాన్సాస్‌లోని విచిటా అనే ఊరిది. రెండు చిన్న మాంటిళ్లు, గాజుకు బదులు అభ్రకం చిమ్నీ. వెలిగించేముందు వేడెక్కించడానికి ఉండే స్పిరిట్ గిన్నె దానికి లేదు, ఎందుకంటే అది పెట్రోలుది, అగ్గిపుల్లతోనే వెలుగుతుంది. పంపు దాని ట్యాంకులో లేదు. సైకిల్ పంపు లాంటిది విడిగా తెచ్చి పెట్టి కొట్టాలి. అది ఎల్ 327 రకం. ట్యాంకులోనే పంపు ఉన్నదయితే ఎల్ 427. చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, తేడా ఆ పంపే. కోల్‌మన్‌వాళ్లు ఇంకో మంచి పని చేశారు. చాలా లైట్ల అడుగున ఎడమవైపు నెల, కుడివైపు ఏడాది అంకెల్లో కొట్టారు. ఒకవైపు 4, ఇంకోవైపు 51 ఉంటే 1951 ఏప్రిల్ అన్నమాట. స్వీడన్ ప్రైమస్ స్టవ్వులకూ ఇలాంటి లెక్కే ఉంది, 1911 నుంచి ఏడాదికో అక్షరం. మీ వంటింట్లో అమ్మమ్మ పంపు స్టవ్వు ఉంటే బోర్లించి చూడండి.

మా కోల్‌మన్ అభ్రకం ఒక పలక పగిలితే నాన్న గూడూరు నుంచి పలక తెప్పించి కత్తెరతో కోసి పెట్టాడు. కొంచెం ఆకుపచ్చ రంగు దానిది, మిగిలినవి తెల్లనివి. రేపు ఎవరో "రంగుల చిమ్నీ రకం" అని రాస్తారేమో అని ఇప్పుడే చెబుతున్నాను, అది గూడూరు అభ్రకం. ఆ లైటును నాన్న ఎవరికీ బాడుగకు ఇవ్వలేదు. పిడికి ఎర్ర గుడ్డ కట్టి, పెట్టెలో పెట్టి తాళం వేశాడు. పెట్రోలు లైటూ నూనె లైటూ ఒకే కొట్టులో ఉంటే ఎవడో ఒకడు ఒకదాంట్లో పోయాల్సింది ఇంకోదాంట్లో పోస్తాడని భయం. నూనె లైటులో పెట్రోలు పోస్తే అది లైటు కాదు, బాంబు.

ఇప్పుడు నా తప్పులు. మొదటిది, పెళ్లయిన కొత్తలో పుట్టింటి నుంచి ఒక 829 తెచ్చుకున్నాను. అత్తగారింట్లో పనిమంతురాలిని అనిపించుకోవాలని చింతపండూ ఇటుకపొడీ పెట్టి తోమితోమి తళతళలాడించాను. నికెల్ పూత పోయింది, ట్యాంకు మీద కంపెనీ పేరున్న చిన్న బొమ్మ కాగితం పోయింది, అడుగున ముద్ర అరిగి సగం అక్షరాలు మాయమయ్యాయి. మా అత్త మెచ్చుకుంది. నాన్న చూసి ఏమీ అనలేదు, ఆ పూట అన్నం తక్కువ తిన్నాడు. పాతదాన్ని సబ్బునీళ్లతో తుడవండి, ఎక్కువ మురికయితే కొంచెం సీమనూనెతో. మెరవాల్సిన అవసరం దానికి లేదు.

రెండోది పెద్దది. 2004లో ఇల్లు మారుతున్నప్పుడు అటక ఖాళీ చేయాల్సి వచ్చింది. నాన్న పోయి చాలా ఏళ్లయింది. రేషన్ నూనె దొరకడమే కష్టంగా ఉంది, లైటు ఎవరు వెలిగిస్తారు అని మా ఇంటివాళ్లు అన్నారు. నేనూ సరే అన్నాను. పాత సామాన్ల బండి వాడు వచ్చాడు. గాజులు తీసి పక్కన పెట్టి, ట్యాంకులు గోనెసంచిలో వేసి, స్ప్రింగు తరాజుకు తగిలించాడు. ఇత్తడి ధర కట్టాడు, ఇనుప భాగాలకు తరుగు తీశాడు. అందులో ఏడో నంబరు ఉంది. సంచిలో వేసేటప్పుడు చుక్కలు నా చేతికి తగిలాయి కూడా. అది ఏ కంపెనీదో, ఏ యుద్ధం నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలియదు. ఇప్పుడు చెప్పినవాటిలో సగం ఈ పదేళ్లలో, మనవడి ఫోన్ పుణ్యమా అని నేర్చుకున్నవే. కొలిమిలో కరిగి ఏ గంటగానో, ఏ కుళాయిగానో అయిపోయి ఉంటుందని ఇరవై ఏళ్లుగా అనుకుంటున్నాను. మీ పత్రికలో మూడో ఫొటోగా కనిపించింది.

దాన్ని తిరిగి ఇమ్మని అడగడం లేదు. ఆయన డబ్బు పెట్టి కొనుక్కున్నాడు, గది కట్టి దాచుకున్నాడు. మా ఇంట్లో ఉంటే ఈపాటికి ఏమయ్యేదో నాకు తెలుసు. ఫొటో కింది మాట మాత్రం దిద్దండి: వేపలక్స్, 1944, చిత్తూరు సంతపేట బాడుగ కొట్టు, ఏడో నంబరు. నా పేరు వేయవద్దు, మా వాళ్లు ఎగతాళి చేస్తారు.

ఆ పెద్దమనిషికి నాలుగు మాటలు చేరవేయగలరా? పంపు లోపలి తోలు వాషరు కంపెనీది కాదు, నాన్న పాత చెప్పు అడుగు కోసి చేసింది. అది ఎండిపోయి ఉంటుంది. పారేయకుండా ఒక రాత్రి ఆముదంలో నానబెట్టి, వేళ్లతో గిన్నెలా విప్పి పెట్టమనండి, మళ్లీ గాలి పడుతుంది. వెలిగించేముందు ట్యాంకును నీళ్లలో ముంచి, కొంచెం గాలి కొట్టి బుడగలు వస్తున్నాయేమో చూడమనండి. అడుగున ఎడమ పక్క ఒక తగరం అతుకు ఉంది, అది నలభై ఏళ్ల కిందటిది. నూనె మూత మర సగం అరిగిపోయింది, కుడి చేత్తో బిగిస్తే పక్కకు ఎక్కుతుంది. ఎడమ చేత్తో, మొదట అర చుట్టు వెనక్కి తిప్పి, టక్‌మని చిన్న శబ్దం వినిపించాక ముందుకు తిప్పమనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కట్టమంచి, చిత్తూరు.